ఎడారి మొక్కకు కొల్లేటి పాఠం

వానల సీమలో ఎడారి తోట ఎందుకని అడిగేవారికి జవాబు ఎండాకాలంలో దొరకదు. డిసెంబరు ముసురులో దొరుకుతుంది. తడికి తట్టుకోలేని మొక్కను తడి నేలలో బతికించే విద్యే ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలకు ఇప్పుడు కావలసిన విద్య.

డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, దిగువన కైకలూరు, ఆకివీడు దాకా జనం కళ్లన్నీ కల్లాల మీదే ఉంటాయి. కోసిన పనలు చేలో తడుస్తాయి. రాశుల మీద బరకాలు కప్పాలి. రంగు మారిన ధాన్యం ఎవరు కొంటారన్న దిగులు మొదలవుతుంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాకినాడ వైపు తీరం దాటినప్పుడూ, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడూ గోదావరి జిల్లాల్లో ఇదే కథ. ఆకాశం దిగివచ్చినట్టుండే అలాంటి రోజున ఎడారి మొక్కల గురించి మాట్లాడటం వేళాకోళంలా వినిపించవచ్చు. కానీ జెముళ్లు, కాక్టస్‌లు, ఎడీనియంలు పెంచే తోటకు ఏడాదిలో అన్నిటికన్నా బరువైన పనిదినం అదే. మే నెల ఎండలో ఆ తోట తనంతట తాను బతుకుతుంది. చలికాలపు వానలో మాత్రం మనిషి చెయ్యి పడితేనే నిలుస్తుంది. ఇది నిజమైతే ఎడారి తోట పెట్టి నలుగురికీ నేర్పడానికి తగిన చోటు రాజస్థాన్ ఒక్కటే కాదు, నీరు నిలిచే మన సీమ కూడా అని ఒప్పుకోవాలి.

ఊపిరాడక పోయే ప్రాణం

నీళ్లు ఎక్కువైతే మొక్క చస్తుందని అందరూ అంటారు. చంపేది నిజానికి నీరు కాదు, గాలి అందకపోవడం. వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలి నుంచే దానికి ఆక్సిజన్ అందాలి. ఆ సందులు నీటితో నిండితే ఆక్సిజన్ కదలిక గాలిలో కన్నా దాదాపు పదివేల రెట్లు మందగిస్తుంది. ఉన్న కాస్తనూ వేళ్లు, మట్టిలోని సూక్ష్మజీవులు పంచుకుని త్వరలోనే ఖర్చు చేసేస్తాయి. ఊపిరాడని వేరు కొస మెత్తబడుతుంది. తడి పొరలో ఈదుకుంటూ వచ్చే పిథియం, ఫైటోఫ్తోరా జాతుల తెగుళ్లకు అదే అదను. వరికి ఈ బాధ లేదు. దాని కాండంలో, వేళ్లలో గాలి గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి. ఆకుల దగ్గరి ఆక్సిజన్ వాటి గుండా కిందికి దిగుతుంది. అందుకే కొల్లేటి అంచున నీళ్లు నిలిచిన మడిలో వరి హాయిగా నిలబడుతుంది. కాక్టస్‌కు అలాంటి ఏర్పాటు లేదు. అది పుట్టిన చోట అవసరం పడలేదు. దాని వేళ్లు లోతుకు పోవు, పక్కలకు పరుచుకుంటాయి. వాన పడగానే సన్నటి కొత్త వేళ్లు వేసి, నేల ఆరగానే వాటిని వదిలేసుకుంటాయి. పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి మాత్రమే తెరిచే మొక్క కనుక లోపలికి తీసుకున్న నీటిని బయటికి పంపడంలోనూ అది మహా పిసినారి. ఈ పొదుపు అంతా ఎండను ఎదుర్కోవడానికి పనికొచ్చేదే. తడి ముందు అదే గుణం దాని మెడకు చుట్టుకుంటుంది.

అలాగని ఎడారిలో చలికాలపు వాన పడదనుకుంటే పొరపాటు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో 1939లో మొదలైన డెజర్ట్ బొటానికల్ గార్డెన్ ఈ జాతి తోటల్లో పెద్ద పేరు. అది ఉన్న సొనోరా ఎడారికి ఏటా రెండు వానకాలాలు. వేసవిలో ఉరుములతో వచ్చేది ఒకటి, చలికాలంలో పసిఫిక్ సముద్రం మీదుగా నెమ్మదిగా వచ్చే ముసురు రెండోది. వసంతంలో ఆ ఎడారి పూల తివాచీ పరిచిందంటే దానికి మూలం చలికాలపు వానే. నలభై అడుగులు పెరిగే సాగువారో కాక్టస్ ఒంటి మీది మడతలు విప్పుకుంటూ ఆ నీటిని తనలో నింపుకుంటుంది. మరి అక్కడ కుళ్లనిది ఇక్కడెందుకు కుళ్లుతుంది? ఫీనిక్స్‌కు ఏడాది మొత్తం మీద దక్కేది సుమారు 200 మిల్లీమీటర్ల వాన. ఏలూరు ప్రాంతానికి దానికి అయిదు రెట్లు. అక్కడి నేల గులకరాళ్లు, ముతక ఇసుక. పడిన నీరు జారిపోతుంది. వాన వెలిసిన మర్నాడే పొడిగాలి, చుర్రుమనే ఎండ. మనకు ముసురు పట్టిందంటే వరుసగా రెండు మూడు రోజులు. ఆ తరవాత కూడా పొద్దున్నే పొగమంచు, గాలిలో చెమ్మ. అంటే ఎడారి మొక్కకు వాన శత్రువు కాదు. వాన తరవాత ఆరని నేలే శత్రువు. తేడా అంతా పడిన నీరు ఎంతసేపు నిలిచిందన్న దాంట్లోనే ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. మన చలి అసలు చలేనా? డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఏలూరులో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఫీనిక్స్‌లో కొన్ని రాత్రులు సున్నా దాకా పోతుంది. నిజమే, గడ్డకట్టి మొక్క పగిలిపోయే ప్రమాదం మనకు లేదు. అయితే ఇక్కడ చలి నేరుగా దెబ్బ తీయదు, తడికి తోడుపోతుంది. చల్లటి రోజుల్లో మొక్క దాదాపు నిద్రలో ఉంటుంది, నీరు తాగదు. ఎండ లేక కుండీ మట్టి ఆవిరి కాదు. జూలైలో పడిన వాన రెండు రోజుల్లో ఆరితే, డిసెంబరులో పడిన అంతే వాన వారమైనా ఆరకపోవచ్చు. అనుభవమున్న పెంపకందార్లు ఈ మొక్కలకు పొడి చలి ఫర్వాలేదు, తడి చలి పనికిరాదు అని చెప్పేది ఇందుకే.

ఆ రోజు తోటలో పనేమిటి?

వాన పడుతోంది కదా, తోటపనివాడికి సెలవే అనుకుంటాం. నీళ్లు పట్టే పని లేదన్నది నిజం. మిగతా పనంతా అప్పుడే మొదలవుతుంది. మొదటిది తిరగడం. ఏ మడి చుట్టూ నీరు నిలిచింది, ఏ బోదె ఆకులతో పూడింది, ఎత్తు చేసి పోసిన ఏ దిబ్బ ఒక పక్కకు జారింది అన్నవి వాన కురుస్తుండగానే కనపడతాయి. వెలిశాక వెళ్తే తడి మరక తప్ప ఆధారం మిగలదు. పారతో నీటికి దారి తీయడం, కుండీల అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి పొడవడం, కింద పెట్టిన పళ్లాలు తీసేయడం, కదిలే కుండీలను కప్పు కిందికి చేర్చడం, కదలనివాటిని కాస్త వాలుగా నిలపడం తరవాతి పనులు. మొదలు దగ్గర నొక్కి చూస్తే మెత్తగా తగిలిందా, పసుపు తిరిగిందా, దుర్వాసన వేసిందా అన్నది చూడాలి. తెగులు తగిలిన ముక్కను శుభ్రమైన కత్తితో మంచి కండ కనిపించేదాకా కోసి, కోత మీద గంధకం పొడి చల్లి, పొడి చోట ఆరబెట్టాలి. కత్తిని ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ మధ్య తుడిచి మందులో ముంచకపోతే తెగులును చేత్తో పంచినట్టే. వానకు బయటికి వచ్చే నత్తలను ఏరడానికీ, వేరుతో సహా కలుపు పీకడానికీ తడి నేల ఎంతో అనువు. వాన జోరెక్కితే షెడ్డు కింద విత్తనాలు శుభ్రం చేయడం, పేర్ల పలకలు రాయడం, ఏ మొక్క ఎక్కడిది, ఎప్పుడు వచ్చింది, ఎలా ఉంది అని రిజిస్టరు సరిచూడటం ఉండనే ఉన్నాయి.

ఈ జాబితా ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇవేవీ యంత్రానికి అప్పగించగల పనులు కావు. డ్రిప్పు పైపు టైమరుతో నీళ్లు పెట్టగలదు; ఏ మొదలు కుళ్లబోతోందో చెప్పలేదు. నాగజెముడు జాతుల మీద ఉండే వెంట్రుకల్లాంటి ముళ్లు తడి చేతి తొడుగుకు అంటుకుని చర్మంలో దిగుతాయి. తడిసిన రాళ్ల మీద కాలు జారితే పడేది ముళ్ల మీదే. కాబట్టి ఆ పని నేర్పు ఒక్కటే కాదు, రిస్కు కూడా. అయినా మన దగ్గర తోటపని అంటే ఎండలో గొప్పు తవ్వడమనే లెక్క. వాన పడితే పని లేదు, పని లేకపోతే కూలి లేదు. ఎడారి తోట ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. రెయిన్‌కోటు, గమ్‌బూట్లు, మందపాటి తొడుగులు ఇచ్చి, వాన రోజు కూలిని మామూలు రోజుకు తగ్గకుండా కట్టిన తోటే నిలుస్తుంది. ఆ రోజు తోటమాలిని ఇంటికి పంపి మిగుల్చుకున్న డబ్బు సంక్రాంతి నాటికి చచ్చిన మొక్కల ఖరీదులో పోతుంది.

మురుగు కోసం పన్ను కట్టిన సీమ

ఇక ఈ తోట మన దగ్గరే ఎందుకన్న సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ ప్రాంతం నీటిని పొలానికి తేవడంలో ఆరితేరింది. తెచ్చిన నీటిని బయటికి పంపడంలోనే ఇప్పటికీ తడబడుతోంది. డెల్టాలో మురుగు కాల్వల బాగు కోసం 1968లో ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు చట్టమే చేయాల్సి వచ్చిందంటే సమస్య ఎంత పాతదో అర్థమవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు నీరు తెస్తాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో రాంసార్ చిత్తడి నేలగా ప్రపంచ గుర్తింపు వచ్చినా, సరస్సు లోపల చేపల చెరువుల గట్లు నీటికి అడ్డం పడుతూనే వచ్చాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లను తెగ్గొట్టాల్సి వచ్చింది. కొల్లేటికి నీరు మంచిదే, నిజానికి నీరే దాని ప్రాణం. వచ్చే దారి, పోయే దారి రెండూ సరిగా ఉన్నప్పుడే ఆ ప్రాణం నిలుస్తుంది. ఒక కుండీకి అడుగున రంధ్రం ఎంత ముఖ్యమో సరస్సుకు ఉప్పుటేరు అంత ముఖ్యం.

నీటికి దారి ఇవ్వాలన్న జ్ఞానం ఈ ప్రజలకు కొత్తగా నేర్పాల్సింది కూడా కాదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో తడిసిన సరుకు గాలి ఆడని బస్తాలో ఉంటే ఏమవుతుందో హమాలీని అడిగినా చెబుతాడు. పైగా ప్రకృతి ఇక్కడ ఒక మంచి ప్రయోగశాల సిద్ధం చేసి పెట్టింది. తాడేపల్లిగూడెం పట్టణానికి ఒక వైపు డెల్టా నల్లరేగడి, ఇంకో వైపు మెట్ట ఎర్రనేల. అదే వాన రెండు నేలల మీదా పడుతుంది. ఒకచోట రోజుల తరబడి నిలుస్తుంది, మరోచోట ఇంకిపోతుంది. ఆ మెట్ట మీదే వెంకట్రామన్నగూడెంలో 2007లో మొదలైన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడికి దూరం కాని పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. నేలను చదవడం వచ్చిన మనుషులు, వాన, రెండు రకాల నేలలు ఒకచోట కలిసిన సీమ ఇది. అయిదారు ఎకరాల మెట్టలో ఎడారి తోట వేసి, పక్కనే అవే మొక్కలను నల్లరేగడి మడుల్లోనూ నాటి పోల్చి చూపితే ఉద్యాన విద్యార్థికి పుస్తకంలోని పాఠం కళ్లెదుటే కనపడుతుంది.

ఎడారి తోటకు పొడి సీమే కావాలనే మాట అనుభవానికి నిలవదు. మన దేశంలో పేరున్న జాతీయ కాక్టస్ తోట జైసల్మేరులో లేదు. హర్యానాలోని పంచకులలో శివాలిక్ కొండల పాదాన ఏడెకరాల్లో ఉంది. చండీగఢ్ వైద్యుడు జె.ఎస్. సర్కారియా చొరవతో రూపుదిద్దుకున్న ఆ తోటకు ఏటా వెయ్యి మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. జనవరిలో పశ్చిమ గాలుల వల్ల చలివానలు వేరే. రాత్రులు మనకన్నా ఎంతో చల్లగా ఉంటాయి. అయినా అక్కడ వేల రకాలు పెరుగుతున్నాయి. వానలకు పెట్టింది పేరైన థాయ్‌లాండ్ ఎడీనియం, కాక్టస్ కొత్త రకాల తయారీలో ప్రపంచానికి సరుకు పంపే స్థాయికి చేరింది. ఈ రెండు చోట్లా మొక్క మారలేదు, వాతావరణమూ మారలేదు. మనిషి మట్టి కలిపే తీరు, మడి ఎత్తు, నీటి దారి మారాయి.

కాదనేవాళ్ల మాట

అభ్యంతరాల్లో మొదటిది: ఇది దండగ వేడుక, రైతుకు ఒరిగేదేమిటి? ఒరిగేది ఉంది. డ్రాగన్ ఫ్రూట్ కాక్టస్ కుటుంబానిదే. మధ్య అమెరికా అడవుల్లో చెట్లకు పాకే తీగ అది. ఎడారిది కాకపోయినా నిలిచిన నీటిని ఏమాత్రం ఓర్చుకోదు. దేశంలో దాని సాగును 50,000 హెక్టార్లకు పెంచాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. తెలుగు రైతులూ సిమెంటు స్తంభాలు పాతి వేస్తున్నారు. వానల్లో దాన్ని వేధించేవి కాండం కుళ్లు, మచ్చ తెగుళ్లు. గోదావరి అవతల కడియం నర్సరీల్లో ఎడీనియం మంచి బేరం. దాని ఉబ్బిన మొదలు తడికి కుళ్లితే ఏళ్ల పెంపకం మట్టిపాలు. కడప, చిత్తూరు కొండరాళ్ల మధ్య పుట్టిన ఎర్రచందనాన్ని పల్లపు పొలాల గట్ల మీద నాటుకునేవారికీ ఇదే చిక్కు. ఎడారి తోటలో ముసురు రోజున నేర్చింది ఈ ముగ్గురికీ పనికొస్తుంది. ఆ మాటకొస్తే నీరు నిలిస్తే పోయే బొప్పాయికీ, మిరపకూ, నిమ్మకూ కూడా. ఎడారి మొక్క అందరికన్నా ముందు కుళ్లుతుంది కనుక అందరికన్నా ముందు హెచ్చరిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. పరాయి మొక్కలను తెచ్చి మన నేల మీద వదిలిన అనుభవం మంచిది కాదు. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో విత్తనాలు కోరితే, 1877లో కడప జిల్లా కమలాపురంలో మొలిచిన సర్కారు తుమ్మ ఈనాటికీ చెరువులనూ బీళ్లనూ వదలలేదు. పొలాలను ఆక్రమించిన అమెరికా నాగజెముడును అదుపు చేయడానికి 1926లో ఒక పురుగును శ్రీలంక నుంచి తెప్పించాల్సి వచ్చింది. ఈ చరిత్ర తెలిసినవారు భయపడటంలో తప్పు లేదు. దీనికి జవాబు తోట వద్దనుకోవడం కాదు, తోటలో ఏముండాలో తేల్చుకోవడం. జోధ్‌పుర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట పక్కన 2006లో మొదలుపెట్టిన రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్కులో సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించి, రాతి పనివాళ్ల చేత బండలో గుంతలు కొట్టించి, థార్ ఎడారి సొంత మొక్కలనే నాటారు. మనకూ సొంత సరుకు తక్కువ లేదు. బొంతజెముడు, ఆకుజెముడు, నల్లేరు, రాయలసీమ రాళ్లలో పెరిగే కారలుమా జాతులు, ఎర్రచందనం ఉన్నాయి. శేషాచలం కొండల్లో తప్ప సహజంగా పెద్దగా కనపడని సైకస్ బెడ్డోమై ఉంది. సర్కారు తుమ్మను కోరి తెప్పించిన బెడ్డోమ్ పేరే ఈ అరుదైన మొక్కకూ ఉండటం చరిత్ర చేసిన చమత్కారం. తోటలో పెద్ద భాగం ఈ తెలుగు నేల మెట్టమొక్కలకు ఇచ్చి, విదేశీ కాక్టస్‌లను కుండీల్లో, లెక్కలో, కంచె లోపల ఉంచితే అభ్యంతరమే తోటకు నియమావళి అవుతుంది.

మూడోది తేలిగ్గా కనిపించే ఉపాయం: పైన కప్పు వేస్తే సరిపోదా? లండన్ క్యూ గార్డెన్స్‌లో 1987లో తెరిచిన ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ అద్దాల మేడలో ఎడారి మొక్కలు చక్కగా ఉన్నాయి కదా? ఉన్నాయి. అక్కడ వేడినీ గాలినీ యంత్రాలు నడుపుతాయి. మన పాలీహౌస్ చుట్టూ మూసేస్తే వాన ఆగుతుంది కానీ చెమ్మ లోపలే ఉండి బూజు పెంచుతుంది. తుపాను గాలికి పట్టా లేచిపోతే మొదటి రాత్రే కథ ముగుస్తుంది. లేత మొక్కలకూ, అరుదైన జాతులకూ పక్కలు తెరిచిన కప్పు తప్పక ఉండాలి. కానీ తోట మొత్తాన్ని కప్పు కింద దాస్తే రైతు నేర్చుకునేదేమీ ఉండదు; అతని పొలానికి కప్పు లేదు.

కాబట్టి ఇలాంటి తోట వేస్తే దాని జమాఖర్చు ఫిబ్రవరిలో చూడాలి. ఎన్ని రకాలు తెచ్చారన్నది కాదు, ముసురు దాటాక ఎన్ని మిగిలాయి, పోయినవి ఏ మడిలో, ఏ మట్టిలో పోయాయి అన్నది రాసి గేటు దగ్గరే అతికించాలి. బడి పిల్లలను పూలు పూసే కాలంలో తీసుకెళ్లినట్టే వాన వెలిసిన మర్నాడూ తీసుకెళ్లాలి. మడి ఎత్తు రెండడుగులు చాలిందా, ఇసుక ఎంత పాలు కలిపితే నీరు గంటలో ఇంకిందన్న లెక్కను రైతులకు ఉచితంగా ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, బడ్జెట్లో మొదటి రూపాయి మొక్కల కొనుగోలుకు వెళ్లకూడదు. మురుగు దారికి వెళ్లాలి. రెండోది ఆ దారిని వానలో నిలబడి చూసే తోటమాలి జీతానికి. మూడో రూపాయితో మొక్కలు కొన్నా ఆలస్యమేమీ కాదు.